పాత బల్లను బోర్లించి చూడండి

(విశాఖపట్నంలోని ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం, ఈ ఉక్కపోతలో ఇంతమంది వచ్చారంటే పాత సామాను మీద మీకెంత ఇష్టముందో తెలుస్తోంది. నాతో పాటు మూడు వస్తువులు తెచ్చాను. ఒక పేము కుర్చీ, ఒక బీరువాలోంచి లాగి తెచ్చిన సొరుగు, ఒక చిన్న రాత బల్ల. మాట్లాడుతూ వీటినే చూపిస్తాను. వెనక కూర్చున్నవాళ్లకి కనపడకపోతే మొహమాటపడకుండా ముందుకి వచ్చేయండి.

నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో పాత కర్ర సామాను కొంటున్నాను, బాగు చేయిస్తున్నాను. కొన్ని అమ్ముతాను, అమ్మబుద్ధి కానివి ఇంట్లో ఉంచుకుంటాను. ఈ పని పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కొంతే. కంచరపాలెంలో ఒక వడ్రంగి మేస్త్రిగారి పక్కన కూర్చుని నేర్చుకున్నదే ఎక్కువ. ఏ వస్తువు తీసుకెళ్లినా ఆయన ముందు దాన్ని బోర్లించేవారు. అప్పటిదాకా ఒక్క మాట అనేవారు కాదు. "పైవైపు అమ్మేవాడు తుడిచి పెట్టింది. అడుగువైపు చేసినవాడు వదిలేసింది. మనకి చేసినవాడి మాట కావాలి" అనేవారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ఫోన్లో ఫొటో చూపించి చాలామంది రెండు ప్రశ్నలు కలిపి అడుగుతారు. ఇది ఎన్నేళ్ల నాటిది, ఎంత చేస్తుంది అని. ఈ రెండింటికీ మనం అనుకునేంత చుట్టరికం లేదు. నూరేళ్ల నాటి మామిడి చెక్క బెంచీకి పెద్దగా ధర రాదు. అరవై, డెబ్బై ఏళ్ల నాటి మన దేశపు ఆఫీసు కుర్చీలు లక్షలు పలికిన సందర్భం ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. వయసు వేరే లెక్క, ధర వేరే లెక్క. వయసు కర్ర చెబుతుంది. ధర చెప్పేది పనితనం, ఆ వస్తువులో మార్పులు జరగకుండా మిగిలిన భాగం, దాన్ని కోరుకునే మనుషులు.

ముందు మన ఊరి సంగతి చెప్పుకోవాలి. కర్ర పనిలో విశాఖపట్నానికి ఉన్న పేరు మనలో చాలామందికి తెలియదు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. 17వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం పెట్టింది. పక్కన భీమిలిలో డచ్చివాళ్లు ఉన్నారు. తమ దేశాల్లో వాడే కుర్చీలు, రాత బల్లలు, సొరుగుల పెట్టెల నమూనాలు ఇక్కడి వడ్రంగులకు చూపించి చేయించుకున్నారు. నమూనా వాళ్లది, చెయ్యి మనవాళ్లది. రోజ్‌వుడ్, గంధపు చెక్క లాంటి వాటి మీద ఏనుగు దంతం పలకలు పొదిగి, ఆ దంతం మీద సన్నటి తీగలు, పువ్వులు చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. 18వ శతాబ్దంలో ఈ సామాను ఓడలెక్కి ఇంగ్లండు వెళ్లింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇవాళ్టికీ ఇలాంటివి ఉన్నాయి. వాటి పక్కన చీటీ మీద మన ఊరి పాత పేరే ఉంటుంది, వైజాగపటం అని. 19వ శతాబ్దం వచ్చేసరికి పెద్ద సామాను తగ్గి చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి. కుట్టుపని పెట్టెలు, ఉత్తరాలు రాసుకునే పెట్టెలు. వాటికి దంతంతో పాటు గేదె కొమ్ము, జింక కొమ్ము, ఏదుపంది ముళ్లు వాడారు. లోపల గంధపు చెక్క. మూత తీస్తే ఇప్పటికీ వాసన వస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పి తీరాలి. పాత పెట్టె మీద తెల్లటి పొదుగు కనిపిస్తే, అది దంతమా, ఎముకా, ప్లాస్టిక్కా తెలుసుకోండి. దంతాన్ని అడ్డంగా కోసిన వైపు చూస్తే సన్నటి గీతలు ఒకదానినొకటి వలలాగా దాటుతూ కనిపిస్తాయి. ఎముక అయితే నల్లటి చిన్న చుక్కలు, చిన్న గీతలు ఉంటాయి. భూతద్దం చాలు. దంతమని తేలితే మాత్రం కొనకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. 1986 సవరణతో మన దేశపు దంతం వ్యాపారం, 1991 సవరణతో దిగుమతి దంతం వ్యాపారం కూడా ఆగిపోయాయి. "పాతది కదా, ఫరవాలేదు" అని అమ్మేవాడు అంటాడు. ఆ మాటకు చట్టం ముందు విలువ లేదు. ఎంత గొప్ప పనైనా సరే, బజారులో దాని ధర సున్నా అనుకోండి. తాతల నుంచి ఇంట్లో ఉన్నదైతే అటవీ శాఖ ఇచ్చిన యాజమాన్య పత్రం ఉందేమో వెతుక్కోండి, లేకపోతే వాళ్లనే అడగండి. జింక కొమ్ము, ఏదుపంది ముళ్ల విషయంలోనూ అడక్కుండా అడుగు వెయ్యకండి.

అవన్నీ ఎప్పుడో ఒకసారి కంటపడేవి. మనకు పాత సామాన్ల కొట్లో, ఇల్లు ఖాళీ చేసేవాళ్ల దగ్గర రోజూ దొరికేది దాదాపు 1890 నుంచి 1975 మధ్య సామాను. వన్ టౌన్‌లో, కోట వీధి చుట్టుపక్కల పాత ఇళ్లు అపార్ట్‌మెంట్లుగా మారుతున్నప్పుడు బయటికి వచ్చేవి అవే. ఇక్కడికి అవి నాలుగైదు దారుల్లో చేరాయి. విజయనగరం, బొబ్బిలి, కురుపాం లాంటి జమీందారీల ఇళ్ల నుంచి కొన్ని వచ్చాయి. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆ పెద్ద ఇళ్లు ఒక్కొక్కటే సామాను వదిలించుకున్నాయి. రంగూన్‌తో మనకున్న ఓడ ప్రయాణాల వల్ల కొంత వచ్చింది. 1933లో రేవు తెరిచాక ఊరు పెరిగి, ఆఫీసులు, కంపెనీ బంగళాలు వెలిసి, వాటి కోసం చేయించినది కొంత. ఇక రైల్వే సామాను. అది నాకు ఎంతో ఇష్టమైన దారి, దాని గురించి వివరంగా చెబుతాను.

సరే, సొరుగు చూద్దాం. బీరువా కొనేటప్పుడు ముందు సొరుగు పూర్తిగా బయటికి లాగండి. అమ్మేవాడు వద్దంటే అక్కడే సందేహించండి. ఇదిగో, ముందు పలకకీ పక్క పలకకీ మధ్య అతుకు చూడండి. పావురం తోకలాగా వెడల్పయిన పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి. ఇవి సమానంగా లేవు, ఒకటి కాస్త లావు, ఒకటి సన్నం. అతుకు పక్కనే సన్నటి గీత కూడా ఉంది. ఎక్కడిదాకా కొయ్యాలో వడ్రంగి సూదితో గీసుకున్న గుర్తు అది. చేత్తో కోసిన పని ఇలా ఉంటుంది. మిషను మీద కోసినవైతే అన్ని పళ్లూ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉంటాయి. ఇప్పుడు సొరుగు అడుగుపట్టీలు చూడండి. ఏళ్ల తరబడి లాగీ తోసీ ఇక్కడ గాడి పడింది. బీరువా లోపల, ఇది జారే చోట కూడా అంతే లోతు అరుగుదల ఉండాలి. ఒకటి అరిగి రెండోది కొత్తగా ఉంటే ఈ సొరుగు ఆ బీరువాది కాదు. పై సగం ఒక బీరువాది, కింద సగం ఇంకొకదాని నుంచి తెచ్చి అతికిన సామాను చాలా తిరుగుతోంది. అలాంటిది వాడుకోవడానికి కొనుక్కోవచ్చు, తప్పు లేదు. పూర్తి పాత బీరువా ధర మాత్రం పెట్టకూడదు.

అరుగుదల ఎక్కడ ఉందో చూడడం ఒక విద్య. మనిషి కుర్చీలో కూర్చుంటే చెయ్యి ఎక్కడ పడుతుంది? చేతికర్ర చివర. కాళ్లు ఎక్కడ పెడతాడు? ముందు అడ్డకర్ర మీద. అక్కడ అరగాలి. వెనక అడ్డకర్ర మీద, ఎవరి కాలూ తగలని చోట, అంతే సమానంగా అరిగిపోయి ఉంటే అది ఆకురాయి చేసిన పని.

కర్ర ఎండుతూ ఉంటే పొడవులో దాదాపు తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకే పాత గుండ్రటి బల్ల నిజంగా గుండ్రంగా ఉండదు. టేపు పెట్టి పీచు వెంట ఒకసారి, పీచుకు అడ్డంగా ఒకసారి కొలవండి. రెండు కొలతల్లో చిన్న తేడా రావాలి. రెండూ ఒక్కటే వస్తే, అమ్మేవాడు నూరేళ్లంటున్నా, ఆ బల్ల ఈమధ్యనే చేసినదో, పైన ప్లైవుడ్ ఉన్నదో అయి ఉంటుంది. అడుగున రంపం గుర్తులు కూడా చూడండి. అడ్డంగా, కొంచెం ఎగుడుదిగుడుగా తిన్నటి గీతలుంటే చేతి రంపం. వంపు తిరిగిన గీతలుంటే గుండ్రటి మిషను రంపం. చిత్రిక పట్టిన చోట అరచెయ్యి పెడితే చిన్న చిన్న అలలు తగులుతాయి. కళ్లు మూసుకుని నిమరండి, చూపు కంటే చెయ్యి తొందరగా పట్టేస్తుంది.

మేకులు, మరల (అంటే స్క్రూల) విషయంలో తొందరపడకండి. కమ్మరి కొట్టిన పలకల మేకు కనిపించగానే రెండు వందల ఏళ్లు అనేస్తారు. మన పల్లెల్లో కమ్మరి మేకు ఫ్యాక్టరీ మేకు వచ్చాక కూడా చాలా కాలం నడిచింది. మేకు ఉన్నంత మాత్రాన వయసు తేలదు. అయితే ఎదుటి దిక్కు సాక్ష్యం గట్టిది. తల మీద ప్లస్ గుర్తున్న మర 1930లలో అమెరికాలో మొదలైంది. 1900 నాటిదని చెప్పే బల్లలో, మొదటి నుంచీ ఉన్నట్టు కనిపించే చోట ప్లస్ మర ఉంటే, ఆ మర తర్వాత వేసినదైనా అయి ఉండాలి, బల్లే తర్వాతదైనా అయి ఉండాలి. అలాగే ఫెవికాల్ 1959లో వచ్చింది. అంతకు ముందు తోలు, ఎముకలు ఉడకబెట్టి తీసిన బంక వాడేవారు. అది గోధుమ రంగులో, గాజు పెంకులా పగులుతుంది. తెల్లగా, రబ్బరులా సాగే బంక కనిపిస్తే ఆ అతుకు 1959 తర్వాత ఎవరో విప్పి బిగించినదే. దానివల్ల వస్తువు పాడైనట్టు కాదు. ఎంత మరమ్మతు జరిగిందో మనకు తెలుస్తుంది, బేరంలో పనికొస్తుంది.

ఇక కర్ర ఏది? ఈ ఊళ్లో ప్రతి పాత బల్లనీ బర్మా టేకు అని అమ్ముతారు. టేకా కాదా అన్నది మనం తేల్చుకోగలం. కనపడని మూల చాకుతో ఒక్క పిసరు గీరండి. లోపల బంగారు ఛాయ గోధుమ రంగు, చేతికి కాస్త నూనె పూసినట్టుండే స్పర్శ, పాత తోలు వాసన ఉంటే టేకు. అది బర్మాలో పెరిగిందా, గోదావరి అడవిలో పెరిగిందా అన్నది కంటితో చెప్పలేం. చెప్పగలమన్నవాడి మాట నమ్మకండి. చూడాల్సింది వలయాల మధ్య దూరం. దగ్గర దగ్గరగా ఉంటే నిదానంగా పెరిగిన పాత మాను, దాని ధర ఎక్కువ ఉండాలి. బాగా ఎడంగా ఉంటే తోటలో తొందరగా పెరిగిన చెట్టు. రోజ్‌వుడ్, అంటే మన జిట్రేగి, ముదురు ఊదా గోధుమ రంగులో నల్లటి చారలతో ఉంటుంది. టేకు కంటే బరువు. చాలాచోట్ల మామిడి చెక్కకో తుమ్మకో నల్ల రంగు పట్టించి రోజ్‌వుడ్ అంటారు. గీరితే లోపల తెల్లగానో ఎర్రగానో బయటపడుతుంది. వేగిసకి ఇంకా సులువైన పరీక్ష ఉంది. షుగరు ఉన్నవాళ్లు నీళ్లు పోసుకుని తాగే చెక్క గ్లాసు మీరు చూసే ఉంటారు, అదే కర్ర. చిన్న పేడు నీళ్లలో వేస్తే నీళ్లు పసుపెక్కి, వెలుతురులో నీలం ఛాయ కొడతాయి. వేగిస మంచం అంటే చిన్నచూపు వద్దు, చక్కటి చేవ కర్ర. పనస కూడా అంతే. బొబ్బిలి వీణ చేసేది పనస మానుతోనే.

చేవకీ పాలచెక్కకీ తేడా మాత్రం తప్పక చూడండి. ఏ చెట్టుకైనా లోపలి ముదురు భాగం చేవ, బయటి లేత భాగం పాలచెక్క. పురుగు ముందు దాన్నే పడుతుంది. టేకు బల్ల అడుగున ఒక పక్క తెల్లటి పట్టీ కనిపిస్తే అక్కడ గుచ్చి చూడండి.

రైల్వే సామాను దగ్గరికి వద్దాం. మన స్టేషన్ ఒకప్పుడు రెండు కంపెనీలు కలిసే చోటు. ఉత్తరం నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే, దక్షిణం నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వాల్తేరులో కలిసేవి. కుర్చీ అడుగున, బెంచీ వెనక, ఇనప అచ్చు కాల్చి వేసిన ముద్రలుంటాయి. బీఎన్ఆర్ అని ఉందనుకోండి. ఆ రైల్వే 1952లో ఈస్టర్న్ రైల్వేలో కలిసిపోయింది. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే విడిగా ఏర్పడింది. కాబట్టి బీఎన్ఆర్ ముద్ర ఉన్న కుర్చీ 1952కి ముందుది, ఎస్ఈఆర్ అని ఉంటే 1955 తర్వాతది. ఎం అండ్ ఎస్ఎం అని ఉంటే ఆ పేరు 1908లో వచ్చింది, 1951లో సదరన్ రైల్వేలో కలిసింది. ఒక ముద్రతో వయసు ఇంత గట్టిగా తేలడం ఈ వ్యాపారంలో చాలా అరుదు. అందుకే దొంగ ముద్రలూ వేస్తారు. పాత ముద్ర లోపల మట్టి, పాలిష్ పేరుకుని అంచులు మెత్తబడి ఉంటాయి. కొత్తగా కాల్చినది అంచుల్లో నల్లగా, పదునుగా ఉంటుంది. ప్రభుత్వ ముద్ర ఉన్నది కొనేటప్పుడు వేలంపాట కాగితం అడగండి. లేకపోతే అది దొంగ సొత్తు కావచ్చు.

నా దగ్గర అలాంటి బెంచీ ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది, ముద్ర లేదు. కొన్న కొత్తలో పాలిష్‌కి ఇచ్చాను. అడుగు కూడా శుభ్రం చెయ్యమని నేనే చెప్పాను. సాండింగ్ మిషను పెట్టి రెండు నిమిషాల్లో అక్షరాలు తీసేశారు. పని చేసిన కుర్రాడిది తప్పు లేదు, చెప్పింది చేశాడు. ఆ బెంచీ మీద ఎవరెవరు కూర్చుని రైలు కోసం ఎదురుచూశారో, ఆ ఊహకి ఉన్న ఒక్క ఆధారమూ పొడైపోయింది. అప్పటి నుంచి నా దగ్గర ఒకటే నియమం. అడుగువైపు బ్రష్షు తప్ప ఏదీ తగలకూడదు. ముద్రలు, చీటీలు, సుద్దతో రాసిన అంకెలు, వడ్రంగి పెన్సిల్ లెక్కలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉండాలి. కలకత్తా లాజరస్ కంపెనీ, మద్రాసు కర్జన్ కంపెనీ లాంటి పేరున్న తయారీదారుల రేకు గుర్తో కాగితం చీటీయో ఉంటే అదొక్కటే ధరని ఎంతో పెంచుతుంది. అలాంటి చీటీని తడిగుడ్డతో తుడిచేసినవాళ్లను చూశాను.

పాలిష్ గురించి ఇంకొక్క మాట. పాత సామాను మీద ఎక్కువగా ఉండేది లక్క పాలిష్. ఏటికొప్పాక బొమ్మల మీద మీరు చూసే లక్కకి ఇది చుట్టమే. అక్కడ లక్కని తిరిగే కొయ్య మీద వేడికి కరిగిస్తారు, ఇక్కడ స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో రుద్దుతారు. కనపడని మూల దూదితో కొంచెం స్పిరిట్ అద్దండి. జిగురుగా మెత్తబడితే లక్క. ఏమీ కాకపోతే ఈమధ్య వేసిన మెలమైనో, పాలీయూరిథేనో. లక్క పాలిష్ మిగిలి ఉంటే గీకేయకండి, దాని మీదే మళ్లీ పట్టించవచ్చు. ఆ ఛాయ రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది, అది సీసాలో దొరకదు. పెయింటు వేసిన పాత తలుపో, మంచమో అయితే ఇంట్లో పొడిగా గీకవద్దు. పాత పెయింట్లలో సీసం ఉండేది. పది లక్షల భాగాల్లో 90కి మించకూడదన్న నియమం మన దేశంలో 2016లోనే వచ్చింది. పిల్లలున్న ఇంట్లో ఆ దుమ్ము చాలా ప్రమాదం. తడి చేసి, ముక్కుకి మాస్కు కట్టుకుని, ఆరుబయట చెయ్యండి.

ఈ కుర్చీని చూడండి. చట్రం చుట్టూ వరసగా బెజ్జాలున్నాయి కదా, ఒక్కో పేము పోగూ ఆ బెజ్జంలోంచి లాగి చేత్తో అల్లారు. బెజ్జాలు లేకుండా చుట్టూ ఒక గాడి, అందులో బిగించిన బద్ద ఉంటే, మిషను మీద అల్లిన పేము షీటు కొని అతికించినట్టు. చేతి అల్లిక బాగు చేసే మనుషులు ఊళ్లో తగ్గిపోతున్నారు. అందుకే అల్లిక చెడిపోయిన కుర్చీ కొనే ముందు అల్లేవాళ్లు ఏమడుగుతారో కనుక్కుని అప్పుడు బేరం ఆడండి. చాలాసార్లు కుర్చీ కంటే అల్లిక ఖర్చే ఎక్కువవుతుంది. అలాగని ప్లాస్టిక్ వైరు అల్లించకండి, నా మాట వినండి. పేము ఊపిరి పీలుస్తుంది, మన ఉక్కలో వీపుకి ఆ తేడా తెలుస్తుంది.

మన సముద్రపు గాలి సంగతి వేరే. తేమకి సొరుగులు వానాకాలం బిగుసుకుపోయి వేసవిలో వదులవుతాయి, అది కర్ర స్వభావం. బిగుసుకుందని చిత్రిక పట్టేయకండి, మైనం రాయండి చాలు. ఇనప సామాను ఉప్పుగాలికి తొందరగా పోతుంది. గోద్రెజ్ స్టీలు బీరువాలు 1923 నుంచి ఉన్నాయి. పాత స్టీలు బీరువా తీసుకుంటే కింది పలకను లోపల నుంచి నొక్కి చూడండి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఇంకొకటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ తర్వాత నెలల తరబడి తడిసిన సామాను బజారుకి వచ్చింది, ఇప్పటికీ చేతులు మారుతోంది. కాళ్ల దగ్గర ఒకే ఎత్తులో మరకగీత, పలక అంచులు విప్పారి ఉండడం, సొరుగులో ముక్కవాసన, ఇవి గుర్తులు.

పురుగు కన్నాలు కనిపిస్తే భయపడి పారిపోనక్కర్లేదు. కన్నం లోపల నల్లగా, పాతగా ఉంటే పురుగు ఎప్పుడో పోయింది. కన్నం అంచు తెల్లగా ఉండి, తట్టగానే పిండి రాలితే ఇంకా ఉంది. అనుమానంగా ఉంటే కింద నల్ల కాగితం పరిచి వారం చూడండి. ఉందని తేలితే మందు పట్టించేదాకా మిగతా సామానుకి దూరంగా పెట్టండి. చెదలు వేరు, అది పై పొర వదిలేసి లోపల తింటుంది. వేలి కణుపుతో తడుతూ పోతే డొల్ల చప్పుడు వస్తుంది.

ఇక ధర. నేను ఎలా లెక్క కడతానో ఈ రాత బల్లకి బదులు ఒక మామూలు భోజనం బల్లతో చెబుతాను, అందరికీ పనికొస్తుంది. పై పలక 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, అంగుళం మందం. 5ని 3తో గుణించి 12తో భాగిస్తే ఒకటింబావు ఘనపుటడుగు. కాళ్లు నాలుగూ రెండున్నర అడుగుల ఎత్తు, 3 అంగుళాల చదరం, అవి అర ఘనపుటడుగు పైన. చుట్టూ పట్టీలు నాలుగు అంగుళాల వెడల్పువి, మరో అర ఘనపుటడుగులోపు. మొత్తం రెండుంబావు ఘనపుటడుగుల టేకు. అడితిలో పాత టేకు ధర కనుక్కోండి. లెక్క కోసం ఘనపుటడుగు 3,000 రూపాయలు అనుకుందాం. అది 6,750. మేకుల కన్నాలు, పనికిరాని చివర్లు తీసేస్తే 5,000. ఆ బల్లని ఎవరూ బల్లగా వద్దన్నా కర్రకి వచ్చే డబ్బు అది, ధరకి నేల. ఇప్పుడు అలాంటిదే కొత్తగా చేయిస్తే ఎంత? కోతలో వృథా కలిపి 3 ఘనపుటడుగుల కొత్త టేకు, ఒక్కోటి 4,000 అనుకుంటే 12,000. కూలి, పాలిష్ ఇంకో 10,000 అనుకోండి. 22,000, అది కప్పు. ప్రత్యేకత ఏమీ లేని పాత బల్ల ఈ రెండింటి మధ్య ఉండాలి. మరమ్మతుకి, బండికి 4,000 అవుతుందనుకుంటే నేను 8,000 నుంచి 10,000 దాకా వెళతాను, ఆ పైన వెళ్లను. అంకెలు నేను అనుకున్నవి, మీరు కొనే రోజు ధరలు పెట్టుకోండి. లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

కప్పు దాటి వెళ్లేది ఎప్పుడు? పేరున్న తయారీ చీటీ ఉన్నప్పుడు, ముద్ర ఉన్నప్పుడు, ఇప్పుడు అలాంటి మాను దొరకనప్పుడు, మొదటి ఇత్తడి పట్లు, తాళం, అద్దం అన్నీ అవే ఉన్నప్పుడు. లేదా ఆ నమూనా వెనక చరిత్ర ఉన్నప్పుడు. చండీగఢ్ సంగతి చెబుతానన్నాను. 1950లలో ఆ నగరం కడుతున్నప్పుడు పియరీ జన్నరే అనే వాస్తుశిల్పి ఆఫీసులకి, కాలేజీలకి టేకు కుర్చీలు రూపొందించారు. కాళ్లు తలకిందులైన వీ ఆకారంలో ఉంటాయి, పేము అల్లిక. పాతబడ్డాక వాటిని తుక్కు కింద గుట్టలుగా వేలం వేశారు. కొన్నవాళ్లు విదేశాలకి పంపితే అక్కడ వేలంలో ఒక్కో కుర్చీ లక్షలు పలికింది. 2011లో కేంద్రం వాటిని దేశం దాటించకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ కుర్చీల్లో బంగారం లేదు. ఎవరు చేయించారు, ఎందుకు చేయించారు అన్న చరిత్ర ఉంది, కార్యాలయం అంకెలు వాటి మీద రాసి ఉన్నాయి. ఆ అంకెలు చెరిపేసిన కుర్చీని అసలుదని నిరూపించడం ఎంత కష్టమో ఊహించండి.

కథల గురించి అడుగుతారు. మన ఊళ్లో ప్రతి భోషాణానికీ ఒక కథ ఉంటుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ బాంబులు పడ్డప్పుడు ఊరు ఖాళీ చేసి అమ్మేశారని, రాజుగారి అంతఃపురంలోదని, యుద్ధమప్పుడు రంగూన్ నుంచి కాలినడకన వస్తూ తెచ్చారని. కాలినడకన వచ్చినవాళ్లు ప్రాణాలు తెచ్చుకున్నారు, పందిరి మంచాలు తేలేదు. కథ శ్రద్ధగా వినండి, రాసుకోండి కూడా. డబ్బు మాత్రం కాగితానికి, ఫొటోకి, బిల్లుకి కట్టండి. పాత ఫొటోలో ఆ కుర్చీలో తాతగారు కూర్చుని ఉంటే అది నిజమైన ఆధారం. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకి 1972 పురావస్తువుల చట్టం వర్తిస్తుంది. వాటితో వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి, దేశం బయటికి పంపడం కుదరదు. విదేశాల్లో పిల్లలున్నవాళ్లు ఇది గుర్తుంచుకోండి.

ఇంకొకటి కొంచెం గట్టిగానే చెబుతాను. అమ్మేది వ్యాపారి అయితే బేరం ఆడండి. అమ్మేది భర్త పోయి, ఇల్లు ఖాళీ చేస్తున్న పెద్దావిడ అయితే, ఆ వస్తువు ఏమిటో మీకు తెలిసింది ఆవిడకీ చెప్పండి. అల్లిపురంలో ఒకావిడ రోజ్‌వుడ్ పడక కుర్చీని పొయ్యిలో కర్ర ధరకి ఇస్తానన్నారు. అదేమిటో చెప్పాను. ఆవిడ అమ్మలేదు, కూతురికి ఇచ్చారు. ఆ కుర్చీ నాకు దక్కలేదని ఎప్పుడూ అనిపించలేదు.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక చేతులతో చూద్దాం. ఈ రాత బల్లని నేను పోయిన వారమే కొన్నాను, కావాలనే ఇంకా తిరగేయలేదు. బాబూ, నువ్వు ఆ వైపు పట్టుకో, కాళ్లు పట్టుకోకు, పట్టీ కింద పట్టుకో. అమ్మా, ఆ దుప్పటి ఇలా కింద పరవండి, పై పలక గీసుకోకుండా. నెమ్మదిగా. ఇదిగో, మూల దగ్గర పెన్సిల్‌తో ఏదో రాసి ఉంది. టార్చి ఎవరి ఫోన్లో ఉంది? పక్క నుంచి వెయ్యండి, ఎదురుగా వేస్తే కనపడదు. తెలుగు అంకెలు ఇవి. కాలు పొడవు కొలత రాసుకున్నట్టున్నారు మేస్త్రి. దగ్గరికి రండి, ఒక్కొక్కరుగా వచ్చి చూడండి.